నీరు తియ్యకముందు యాంటీబయాటిక్ మాత్ర నోట్లో వెయ్యనివ్వకండి

ప్రశ్న: అమ్మకి మోకాలి మార్పిడి జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు వాచింది. డాక్టర్ గారేమో మోకాల్లో నీరు తీసి కల్చర్‌కి (అందులో ఏ సూక్ష్మజీవి ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి) పంపాలి, అప్పటిదాకా మందులొద్దు అంటున్నారు. ఈలోగా యాంటీబయాటిక్ మొదలుపెడితే తప్పేంటి?

తప్పేనండీ. సరిగ్గా ఆ తప్పే చేసి మేం రెండు నెలలు పోగొట్టుకున్నాం.

మా అమ్మకి కుడి మోకాలు మార్చి రెండేళ్ళయ్యాక మెల్లగా వాపు మొదలైంది. జ్వరం లేదు, ఏం లేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం అబ్బా అనేది. మా మావయ్యకి తెలీని వైద్యం లేదు కదా, షాపుకెళ్ళి ఏవో యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చాడు. ఐదు రోజులు వేసుకోవడం, వాపు తగ్గగానే మానెయ్యడం, మళ్ళీ వస్తే మళ్ళీ ఐదు రోజులు, ఇలా మూడు సార్లు. చీటీ అడక్కుండా బఠాణీలు పొట్లం కట్టినట్టు యాంటీబయాటిక్‌లు ఇచ్చే షాపుల గురించి మొదలెడితే ఇక ఆపలేను, వదిలేస్తున్నా.

ఆఖరికి ఆస్పత్రికి వెళ్తే రక్తపరీక్షలో సీఆర్పీ ఎక్కువ, అంటే ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉంటే పెరిగేది. మోకాల్లోంచి తీసిన నీట్లో తెల్లకణాలు 18 వేలు, మార్చిన కీలులో 3 వేలు దాటితే చాలు, ఇన్ఫెక్షన్ అని అనుమానించాలట. కల్చర్ రిపోర్టు మాత్రం 'నో గ్రోత్', అంటే ఏదీ పెరగలేదని. మావయ్య మొహం వెలిగిపోయింది, చూశారా ఇన్ఫెక్షన్ లేదు అని. డాక్టరమ్మ ఒకటే అడిగింది, "నీరు తియ్యకముందు ఏమైనా మాత్రలు వేశారా?" అమ్మ నా వైపు చూసింది, నేను మావయ్య వైపు చూశాను, మావయ్య ఫ్యాన్ వైపు చూశాడు.

ఆవిడ చెప్పిందేంటంటే, ఆ మాత్రలు సూక్ష్మజీవుల్ని పూర్తిగా చంపలేదు, ల్యాబ్‌లో పెరక్కుండా మాత్రం చేశాయి. అవి మోకాల్లోని లోహం మీద జిగురు పొర కట్టుకుని దాక్కుంటాయి, మాత్రలు ఆ పొర లోపలికి సరిగ్గా పోవు.

అందుకని రెండు వారాలు అన్నీ ఆపించి మళ్ళీ తీశారు. ఈసారి నేను పక్కనే నిలబడ్డా. సిరంజిలోకి పల్చటి గంజిలా వచ్చింది, కొంచెం పసుపు. మొదటిసారి ఆ సిరంజి సాయంత్రం దాకా ట్రే మీదే పడుంది, ల్యాబ్ కుర్రాడు భోజనానికి వెళ్ళాడని! ఈసారి డాక్టరమ్మే అక్కడికక్కడే రెండు బ్లడ్ కల్చర్ బాటిళ్ళలోకి ఎక్కించింది. మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు రెండింట్లోనూ స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా. అది మన చర్మం మీద ఎప్పుడూ ఉండేదే, ఒక్క బాటిల్లో వచ్చుంటే సూదితో పాటు వెళ్ళిందేమోలే అనేవాళ్ళు. తర్వాత ఆపరేషన్లో ఐదు చోట్ల నుంచి ముక్కలు తీసి పంపితే నాలుగింట్లో అదే. కొన్ని చాలా నిదానంగా పెరుగుతాయని ఆ ముక్కల్ని 14 రోజులు ఉంచారు.

పేరు తెలిస్తే ఏంటి లాభం అంటారా? అమ్మకి షుగరుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంచు మీదుంది. పేరు తెలీకపోతే వ్యాంకోమైసిన్ ఇద్దామనుకున్నారు, అది కిడ్నీల మీద పడే మందు. రిపోర్టులో సెఫాజోలిన్ పనిచేస్తుందని తేలింది, అదిచ్చారు. పాత మోకాలు తీసేసి మందు కలిపిన సిమెంట్ ముద్ద పెట్టి, ఆరు వారాలు ఇంజెక్షన్లు, ఆ తర్వాతే కొత్తది. పక్క బెడ్ పెద్దాయనకి రిఫాంపిసిన్ రాశారు. అది టీబీ మందు కూడా కదా, పైగా మూత్రం నారింజ రంగులో వస్తుంది, ఇక ఇంటిల్లిపాదీ ఏడుపు. స్టెఫైలోకాకస్ లోహం మీద పొర కట్టినప్పుడు వేరే మందుతో కలిపి అదిస్తారని ముందే ఒక్క ముక్క చెప్పుంటే ఆ గోల ఉండేది కాదు.

ఒక్క మాట. మీ అమ్మగారికి చలిజ్వరం వచ్చినా, బీపీ పడిపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అప్పుడు రిపోర్టు కోసం ఆగరు, రక్తం, నీరు తీసేసుకుని ఆ గంటలోనే మందు మొదలుపెడతారు. మీరు రాసినదాన్ని బట్టి మీది అంత అత్యవసరంలా లేదు, ఆగమంటే ఆగండి.

అమ్మ ఇప్పుడు రోజూ గుడి దాకా నడిచెళ్ళి వస్తోంది. మావయ్య మాత్రం ఇప్పటికీ "నా మాత్రలకి వాపు తగ్గిందా లేదా" అనే అంటాడు.