రూఫ్ ర్యాక్ బోల్టుల దగ్గర నీరు దిగుతోంది

ప్రశ్న: మా ఫోర్ వీల్ డ్రైవ్ బండి పైకప్పుకు 6 రంధ్రాలు వేసి, రివ్‌నట్లు (రేకు రంధ్రంలో బిగుసుకుని బోల్టుకు మర ఇచ్చే నట్లు) పెట్టి ర్యాక్ బిగించాం. బోల్టు తలల చుట్టూ సిలికాన్ దట్టంగా పూసినా వానకు లోపలి లైనింగ్ తడుస్తోంది. ఇంకో పూత వేస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు. కుదుపులకు ర్యాక్ కదిలే కొద్దీ పైపూత అంచు లేచిపోతుంది. సీలెంట్ ఉండాల్సింది ర్యాక్ పాదానికీ రేకుకూ మధ్య. పైగా మామూలు రివ్‌నట్ అడుగున తెరిచే ఉంటుంది కాబట్టి బోల్టు మరల వెంబడి కూడా నీరు జారుతుంది.

ర్యాక్ విప్పి పాత సిలికాన్ మొత్తం గీకేయండి. దాని పొర కాస్త మిగిలినా కొత్తది పట్టదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బోల్టుతో పాటు రివ్‌నట్ తిరుగుతుంటే తీసేయాల్సిందే: రంధ్రం అంచును నున్నగా రాకి, తుప్పు నిరోధక ప్రైమర్, ఆపై రంగు వేసి, ఆరాక కొత్త రివ్‌నట్ కాలర్ (రేకుపై ఆనే పై అంచు) కింద సీలెంట్ రాసి బిగించండి. డ్రిల్లింగ్ పొట్టు ఒక్క రవ్వ మిగిలినా అక్కడ తుప్పు మరక తేలుతుంది.

వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ లోహాన్ని తినేస్తుంది, వద్దు. ఆటోమొబైల్ పాలియురెథేన్ సీలెంట్ మేలు. రంధ్రం చుట్టూ తెగకుండా ఒక వలయం, మరలకు కొంచెం, పాదం కింద రబ్బరు ప్యాడ్. తడిగా ఉండగానే తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. ఆరాక బోల్టు తిప్పితే పట్టు తెగుతుంది.

మర్నాడు లైనింగ్ దించి (పైకప్పు అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి) ఒక్కో బోల్టుపై 5 నిమిషాలు నీళ్లు వదలండి. తడి కనిపించిన చోటే రంధ్రం ఉండాలని లేదు, రేకు మడతల వెంట నీరు చాలా దూరం పారుతుంది.