మనవడు ‘నేను అమెరికన్’ అంటున్నాడు

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి అమెరికాలో స్థిరపడి 18 ఏళ్లు. ఇక్కడ గుడి మొహం చూడనివాడు అక్కడ ప్రతి పండక్కీ పంచె కడుతున్నాడు. అక్కడే పుట్టిన మనవడికి 14 ఏళ్లు. చిన్నప్పుడు తెలుగు ముద్దుముద్దుగా మాట్లాడేవాడు. ఇప్పుడు వీడియో కాల్‌లో ‘హాయ్’ అనేసి ఫోన్ వాళ్లమ్మ చేతిలో పెట్టి పోతాడు. ‘నేను ఇండియన్ని కాదు, అమెరికన్ని’ అంటాడట. ‘ఏడాది నెల్లూరు హాస్టల్లో పడేస్తే దారికొస్తాడు’ అని మావాడి పట్టు. ఒప్పుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. అక్కడ పుట్టాడు కాబట్టి వాడన్న దాంట్లో సగం నిజమే. ఈ వయసులో పిల్లలకి తోటివాళ్లలో కలిసిపోవడమే పెద్ద పని. జీన్ ఫిన్నీ అనే అమెరికా సైకాలజిస్టు 1989లో మైనారిటీ కుటుంబాల టీనేజ్ పిల్లలతో మాట్లాడితే, చాలామంది తమ మూలాల గురించి అప్పటికింకా ఆలోచించనే లేదు. ‘నేనెవర్ని’ అన్న వెతుకులాట కొందరికి ఆలస్యంగా మొదలవుతుంది.

అసలు మారింది మనవడొక్కడేనా? కావలిలో తెలుగువాడినని ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు, అక్కడ చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకే మీ అబ్బాయికి పంచె గుర్తొచ్చింది. తప్పేం లేదు. కాకపోతే ఆయన వదిలి వెళ్లిన ఊరు ఆయన బుర్రలో అలాగే ఉండిపోయింది. ఇప్పటి హాస్టల్లో మీ మనవడికి దొరికేది ఇంగ్లీషు మీడియం, తెల్లవారుజామున స్టడీ అవర్, ర్యాంకుల టెన్షన్. తెలుగుతనం కాదు.

వలస వెళ్లినవాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన కెనడా సైకాలజిస్టు జాన్ బెర్రీ, ఇంటి సంస్కృతినీ అక్కడి సంస్కృతినీ రెండింటినీ ఉంచుకున్నవాళ్లే ఎక్కువగా కుదురుగా ఉంటారని చెప్పారు. ఏదో ఒకటి తేల్చుకోమని నిలదీస్తే వాడు వదిలేది మనల్నే.

మీరు చేయగలిగింది ఉంది. ‘తెలుగులో చెప్పు’ అనడం మానేయండి. వాడు ఇంగ్లీషులో అంటే మీరు తెలుగులో బదులివ్వండి. మాట్లాడటం ఆగినా, విని అర్థం చేసుకోవడం అంత తొందరగా పోదు. వాళ్ల నాన్న చిన్నప్పుడు ఎందుకెందుకు తన్నులు తిన్నాడో చెప్పండి, ఫోన్ పెట్టనిస్తే అడగండి! బ్రెజిల్‌లో ‘నెలోర్’ అని పిలిచే పశువులు మన ఒంగోలు జాతివేనని చెప్పి చూడండి, వెంటనే గూగుల్ చేస్తాడు.

హాస్టల్‌కి బదులు సెలవుల్లో నెల రోజులు మీ ఇంటికే పంపమనండి. తుమ్మలపెంట బీచ్‌కి తీసుకెళ్లండి, ముందురోజు వండిన చేపల పులుసు పెట్టండి, పంచె ఊసెత్తకండి. జూన్ మొదట్లో వద్దు, రోహిణి ఎండలకి వాడు గది దాటడు. జూలైలో అయితే నయం.