‘కాలుసేతుల’కు లేని తప్పు ‘సెయ్యి’కెందుకు?

సందేహం: మాది పలాస దగ్గర పల్లెటూరు. మూడేళ్ల కిందట విజయవాడ వచ్చేశాం. తొమ్మిదో తరగతి చదివే మా బాబు ‘సెప్పినాను’, ‘సేసినాను’ అంటాడు. క్లాసులో పాఠం చదివించినప్పుడు తెలుగు మాస్టారే నవ్వి, ‘ముందు నీకు నోరు తిరగాలిరా’ అన్నారట. అప్పట్నుంచి వాడు క్లాసులో చెయ్యి ఎత్తడం మానేశాడు. మా యాస నిజంగా తప్పు తెలుగేనా? మార్పించాలంటారా?
– ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, మీరడిగిన దాంట్లో రెండు సంగతులు కలిసిపోయాయి. ‘చె’ బదులు ‘సె’ పలకడం యాస, అంటే పలుకు తీరు. ‘చెప్పాను’ అనకుండా ‘చెప్పినాను’ అనడం క్రియారూపానికి సంబంధించింది. రెండోదాని లెక్క త్వరగా తేలుతుంది కాబట్టి ముందు అది చూద్దాం.

‘చెప్పినాను, వచ్చినాడు’ పాత రూపాలు. మీ శ్రీకాకుళంలోనూ, అటు రాయలసీమలోనూ ఇవాళ్టికీ అవే వాడుకలో ఉన్నాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నోళ్లలో ఆ మధ్యలోని ‘న’ అరిగిపోయి ‘వచ్చాడు’ మిగిలింది. ఆ అరుగుదలలో ఒక కొత్త అచ్చు కూడా పుట్టింది. ‘వచ్చాడు’ అని నెమ్మదిగా పలికి చూడండి. అందులో వినిపించేది ‘తాత’లోని ‘ఆ’ కాదు, ‘మేలు’లోని ‘ఏ’ కాదు. ‘బ్యాంకు’ అన్నప్పుడు పలికే అచ్చు. దానికి మన అక్షరమాలలో గుర్తే లేదు. అందుకే వెనకటి తరంలో కొందరు ‘వచ్చేడు’ అనీ, కొందరు ‘వచ్చాడు’ అనీ రాశారు. అక్షరం కూడా లేని శబ్దం పలికేవాళ్లను ఎవరూ నోరు తిరగలేదని అనలేదు. వాళ్లదే పత్రికల భాష అయింది. మీ బాబు మాత్రం ఉన్నది ఉన్నట్టు ‘నా’ పలికి నవ్వులపాలయ్యాడు.

ఇక ‘సె’ సంగతి. పరవస్తు చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో తెలుగుకు వర్ణాలు 36 అని లెక్క కట్టాడు. ఆ 36లో ఖ, ఘ, భ లాంటి ఒత్తక్షరాలు లేవు. శ లేదు, ష లేదు. ఉన్నది ఒక్క స. మిగతావి సంస్కృత పదాలతో పాటు వచ్చి చేరినవి. కాబట్టే ఆశ ఆస అయింది, దిశ దెస అయింది, శ్రీ సిరి, శయ్య సెజ్జ, ఆకాశం ఆకసం అయ్యాయి. వీటిని ప్రకృతి–వికృతులని పేరుపెట్టి పరీక్షలో మార్కులిచ్చి మరీ బట్టీ పట్టిస్తాం. పద్యంలో ‘ఆస’ కనబడితే అచ్చమైన తెలుగుదనం అంటాం. అదే ‘ఆస’ కూరగాయలమ్మే మనిషి నోట వింటే చదువులేదని తేల్చేస్తాం.

‘చ’ విషయం మరీ తమాషా. మీ బాబు పుస్తకాల్లో గసడదవాదేశ సంధి ఉంటుంది. క చ ట త ప లు గ స డ ద వ లుగా మారతాయి కదా! ‘అపుడు + చనియె’ అపుడు సనియె అవుతుంది, కాలూ చెయ్యీ కలిస్తే ‘కాలుసేతులు’ అవుతాయి. సూత్రం, ఉదాహరణ వల్లె వేయించి, గంట కొట్టాక ‘సెయ్యి’ అన్న పిల్లాణ్ణి చూసి నవ్వితే ఎలా? ఒక మాట ఒప్పుకోవాలి: వ్యాకరణంలో ఈ మార్పుకి చోటు, సందర్భం ఉన్నాయి, మీ వైపు పలుకులో మాట మొదట్లోనే, ఏ సంధీ లేకుండా వస్తుంది. రెండూ ఒకటేనని నేను అనను. కానీ తెలుగు చెవికి చ నుంచి స కు జారడం కొత్తా కాదు, ఎబ్బెట్టూ కాదు.

మరి ఎందుకు నవ్వుతారు? శబ్దం వినేలోపే మనిషి ఊరు, కులం, చదువు, జేబు అంచనా వేసేస్తాం గనక. బాధను ‘భాద’ అని, దీర్ఘాన్ని ‘ధీర్ఘం’ అని లేని ఒత్తు తగిలించేవాళ్లను చూసి ఎవరైనా నవ్వారా? అది పెద్ద చదువు తాలూకు తప్పులా వినిపిస్తుంది మరి. సినిమాల్లో ఏళ్లతరబడి హీరోది ఒక పలుకు, పనివాడిది మీ శ్రీకాకుళం పలుకు, రౌడీది తెలంగాణ పలుకు, కత్తి పట్టినవాడిది సీమ పలుకు. ఆ సినిమాలు చూసే మనందరి చెవులూ తయారయ్యాయి.

ఈ జబ్బు మనదొక్కరిదే కాదు. బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలో యొర్దాను నది రేవుల దగ్గర గిలాదువాళ్లు కాపు కాసి, దాటబోయే ప్రతివాణ్ణీ ‘షిబ్బోలెతు’ అనమంటారు. ఎఫ్రాయీమువాళ్లకు ‘ష’ పలకదు, ‘సిబ్బోలెతు’ అంటారు. అక్కడికక్కడే నరికేశారు. చచ్చినవాళ్లు 42 వేలమంది అని రాసి ఉంది. ష, స ల మధ్య తేడాకి!

నేను తెనాలి వైపు వాణ్ణి. ముప్ఫయ్యేళ్లు వచ్చేదాకా నాకు యాస లేదనే నమ్మకం. ఉద్యోగానికి వరంగల్లు వెళ్లిన మొదటి వారం, టీకొట్టు దగ్గర ‘ఏవండీ, ఓ టీ ఇవ్వండి’ అన్నానో లేదో, బల్ల మీదున్న పెద్దాయన ‘ఆంధ్రనుంచొచ్చిన్రా సార్?’ అన్నాడు. ఆయన ‘ఏడుంటరు?’ అంటే మొదట్లో నాకు మోటుగా తోచింది. ‘ఏడ సుజ్ఞానమేడ తెలివి’ అని అన్నమయ్య పాడిన ‘ఏడ’ అదేనని గుర్తురావడానికి కొన్నాళ్లు పట్టింది. సిగ్గుపడ్డాను.

ఇంకొక్కటి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి మీ శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తున్నాం. దండలన్నీ ఆయనకు వేసి, ఆయన జిల్లా పలుకును వెక్కిరిస్తున్నాం.

బాబుకు ఏం చెప్పాలంటే: చ, స, శ ల తేడా నేర్చుకోవాల్సిందే. పాఠం పైకి చదివేటప్పుడు అది అవసరం. ‘శాంతంగా విన్నాడు’ వేరు, ‘సాంతం విన్నాడు’ వేరు. శకలం అంటే ముక్క, సకలం అంటే అంతా. రోజూ పది నిమిషాలు గట్టిగా చదివిస్తే పట్టుబడుతుంది. ఇంట్లో మీతో మాట్లాడేటప్పుడు మాత్రం దిద్దకండి. అమ్మమ్మతో ఫోన్లో ‘చెప్పాను’ అంటే ఆవిడే నవ్వుతుంది. ‘చెప్పినాను’ అని రాసినా తప్పు లేదు.

ఈసారి గసడదవాదేశ సంధి చెప్పేటప్పుడు ఉదాహరణ ఎవరు చెబుతారని మాస్టారు అడుగుతారు. మీ బాబును సెయ్యి ఎత్తమనండి.