లాక్‌డౌన్ నాటి కరెంటు లెక్క: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2020 లాక్‌డౌన్‌లో కరెంటు వాడకం పడిపోయినప్పుడు బొగ్గు కేంద్రాలనే తగ్గించి, సోలార్‌ను ఎందుకు వదిలేశారు? వాడకం తగ్గినా డిస్కంలకు (ఇళ్లకు, పరిశ్రమలకు కరెంటు పంచే సంస్థలకు) డబ్బు ఎందుకు మిగల్లేదు?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్‌లో దేశం మొత్తం మీద వాడకం ముందటేడాది ఏప్రిల్ కంటే దాదాపు నాలుగో వంతు తగ్గింది. సోలార్‌కు, గాలిమరలకు ఇంధనం ఖర్చు లేదు. పైగా వాటికి 'మస్ట్ రన్' హోదా ఉంది, అంటే గ్రిడ్‌కు (కరెంటును అంతటికీ చేర్చే లైన్ల వ్యవస్థకు) ముప్పు వస్తే తప్ప ఆపకూడదు. లాక్‌డౌన్‌లోనూ అది వర్తిస్తుందని కేంద్రం ఏప్రిల్ 1న తేల్చి చెప్పింది. కోత బొగ్గు మీద పడింది.

ఆ కోతకూ హద్దుంది. మన నెల్లూరు జిల్లా నేలటూరు బొగ్గు కేంద్రంలో కరెంటు పుట్టించే ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. ఇలాంటివాటిని మామూలుగా 55 శాతం, అంటే 440 మెగావాట్ల దాకా దించుతారు. ఇంకా దించితే బాయిలర్‌లో మంట నిలవదు, ఆయిల్ మండించి నిలబెట్టాలి. పూర్తిగా చల్లారితే మళ్లీ లోడు మీదికి తేవడానికి గంటలు పడుతుంది. ఇక డబ్బు సంగతి: ఒప్పందం ఉన్న కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకోకపోయినా డిస్కం స్థిర చార్జీ కట్టాల్సిందే. మిగిలేది బొగ్గు ఖర్చు ఒక్కటే. ఎక్కువ రేటు కట్టే పరిశ్రమల బిల్లులేమో ఆగిపోయాయి.

ప్రశ్న: 2020 ఏప్రిల్ 5 రాత్రి ప్రధాని పిలుపు మీద 9 నిమిషాలు లైట్లు ఆర్పితే గ్రిడ్ కూలుతుందని భయపడ్డారు. నిజంగా అంత ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: భయం ఉత్తది కాదు. వాడకం 12-14 వేల మెగావాట్లు తగ్గుతుందనుకుంటే 31 వేలకు పైగా తగ్గింది. రాత్రి కాబట్టి సోలార్ ఊసే లేదు, బొగ్గు అంత వేగంగా దిగదు. కాపాడింది జల విద్యుత్తే: 25 వేల పైచిలుకు నుంచి 8 వేల మెగావాట్లకు దించి, లైట్లు వెలగగానే మళ్లీ పెంచారు. ఉత్పత్తి, వాడకం సరితూగుతున్నాయో లేదో చెప్పే ఫ్రీక్వెన్సీ (50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి) 49.70, 50.26 హెర్ట్జ్‌ల మధ్యే ఊగింది. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, వీధి దీపాలు ఆపవద్దని ముందే చెప్పడం కూడా మేలు చేసింది.

ప్రశ్న: రొయ్యల గుంటకు నాలుగు 2 హెచ్‌పీ ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఉన్నాయి. సోలార్ పెడితే రాత్రికి సరిపోతుందా?
- ఒక రైతు, కొత్తపట్నం

జవాబు: ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, సోలార్ ఇచ్చేది పగలు. చిక్కంతా అక్కడే. ఒక్కో మోటారు సుమారు 1.8 కిలోవాట్లు లాగుతుంది. నాలుగూ 8 గంటలు తిరిగితే 58 యూనిట్లు. కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది కాబట్టి 14-15 కిలోవాట్లు కావాలి. అంత కరెంటు బ్యాటరీల్లో దాచడం భారం. మీ సర్వీసుకు నెట్ మీటరింగ్ (పగటి మిగులు కరెంటు గ్రిడ్‌కు ఇచ్చి, బిల్లులో తగ్గించుకునే పద్ధతి) ఇస్తారేమో ముందు డిస్కంను అడగండి. అయితే ఒకటి మరవకండి: లైను పోగానే గ్రిడ్‌కు కట్టిన సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగుతుంది, స్తంభం మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా చేసిన ఏర్పాటది. కాబట్టి డీజిల్ జనరేటర్ ఉండాల్సిందే. దాన్ని చేంజోవర్ స్విచ్ (లైను, జనరేటర్లలో ఒకదాన్నే కలిపే స్విచ్) ద్వారానే కలపండి. జనరేటర్ నడిచేటప్పుడు సోలార్ వైపు బ్రేకర్ దించి ఉంచండి, లేదంటే మిగులు కరెంటు జనరేటర్‌లోకి ఎదురెక్కి దాన్ని పాడుచేస్తుంది.