హైదరాబాద్ నుంచి డాలస్: గంటల కన్నా ముందు టికెట్ చూసుకో

తమ్ముడూ, శంషాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు అని అడిగావు. నేరుగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్లే విమానం లేదు. దుబాయ్ మీదుగా అయితే అక్కడికి సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి డాలస్‌కి పదహారు. మధ్యలో ఆగేది కలిపి 23, 24 గంటలు వేసుకో.  డాలస్ టైమ్ మనకన్నా చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పదిన్నర. ఇవన్నీ ఫోన్‌లో చూస్తే దొరికేవే. అసలు అడగాల్సిన డబ్బు సంగతి మాత్రం నువ్వు అడగలేదు.

నేను 2009 ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చా. న్యూయార్క్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి డాలస్‌కి విడిగా ఇంకొకటి కొన్నా. తొమ్మిది వేలు మిగిలాయని ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పా. రెండు విమానాల మధ్య రెండు గంటల నలభై నిమిషాలు ఉంది, చాలనుకున్నా. ఇమిగ్రేషన్ లైన్‌లోనే గంటన్నర పోయింది. తర్వాత పెట్టెలు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, ఇంకో టెర్మినల్‌కి వెళ్లాలి. నేను చేరేసరికి కౌంటర్ మూసేశారు. రెండు టికెట్లకూ సంబంధం లేదు, మళ్లీ కొనుక్కోమన్నారు. టికెట్‌కీ పెట్టెలకీ కలిపి 330 డాలర్లు. అప్పట్లో డాలర్ 48 రూపాయల దగ్గర ఉండేది, అంటే దాదాపు పదహారు వేలు. అమ్మ గాజులు కుదువపెట్టి నాన్న తెచ్చిన డబ్బు అది.

ఆ రాత్రి కుర్చీలోనే. రెండు పెట్టెల పిడుల్లోంచి బ్యాగు పట్టీ దూర్చి, దాన్ని మణికట్టుకి చుట్టుకుని కూర్చున్నా. నీళ్ల సీసా ధర రూపాయల్లోకి మార్చుకుని, కొనకుండా కుళాయి నీళ్లు తాగా. అమ్మ కట్టిచ్చిన జంతికలే భోజనం. ఇంటి గడప దాటిన నలభై నాలుగు గంటలకి డాలస్‌లో గది చేరా. చెప్పేవాళ్లు ఎవరూ లేరు, అయినా నెట్టుకొచ్చా. ప్రతి డాలరూ నోట్‌బుక్‌లో రాసుకుని, చదువు అయిన రెండేళ్లకి గాజులు విడిపించా. మీకు ఇప్పుడు అన్నీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి, తక్కువ రేటు కనపడగానే నొక్కేస్తారు. అదే నా భయం.

హైదరాబాద్ నుంచి డాలస్ దాకా ఒకే టికెట్ తీసుకో. అప్పుడు మధ్యలో విమానం ఆలస్యమై తర్వాతిది తప్పినా, ఇంకోదాంట్లో ఎక్కించాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్స్‌ వాళ్లది. అమెరికాలో మొదట దిగిన చోటే పెట్టెలు తీసుకోవాలి కాబట్టి, ఆ మొదటి చోటు డాలసే అయితే ఇంకా మంచిది. నాలుగైదు వేలు ఎక్కువైనా ఇవ్వు. అబుదాబి మీదుగా వస్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఐ-20 (కాలేజీ వాళ్లు వీసా కోసం ఇచ్చే పత్రం), బ్యాగేజీ రూల్స్ సంబంధిత వెబ్‌సైట్లలో ఉంటాయి, నువ్వే చూసుకో.

ఇంకొకటి. ఒక 300 డాలర్లు పర్సులో కాకుండా లోపలి జేబులో విడిగా పెట్టుకో. దారిలో ముట్టుకోకుండా గదికి చేరితే, మొదటి నెల సరుకులకి పనికొస్తాయి.