హాలు లీజుకి తీసుకున్న మా మేనల్లుడికి

అబ్బయ్యా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది, కనిగిరిలో సినిమా హాలు లీజుకి తీసుకుంటా ఉండావని, అడ్వాన్స్ కూడా ఇచ్చేశావని. నాకు చెప్పకుండా ఎందుకు ఇచ్చావని అడగను, చెప్తే వద్దంటానని నీకు తెలుసు. అవును, వద్దనే అనేవాణ్ణి. ఉన్న హాళ్ళే కల్యాణ మండపాలు, గోడౌన్లు అయిపోతా ఉంటే నువ్వు పోయి కొత్తగా నెత్తిన పెట్టుకోవడం ఏందిరా. కానీ ఫోన్ పెట్టేసినాక నిద్ర పట్టలా. 31 ఏళ్ళు ప్రొజెక్టర్ కేబిన్లో బతికినోణ్ణి, మన ఇంట్లో ఒకడు హాలు నడపబోతా ఉండాడంటే ఆ సంతోషం కూడా అబద్ధం కాదు.

హాలు నడపడానికి బి ఫారం లైసెన్సు, ఫైర్ ఎన్‌ఓసీ, కరెంటు డిపాజిట్ ఇవన్నీ నీకు తెలిసినవే. బాత్రూములు శుభ్రంగా పెట్టు, ఆడవాళ్ళు రాకపోతే హాలు నిలబడదు. జనరేటర్ సెకండ్ హ్యాండ్ వద్దు. అంతే, మిగతాది నీకు నేను చెప్పేదేం లేదు.

నేను రాస్తా ఉండేది పైరసీ గురించి. ఈ కాలంలో హాల్లో కెమెరా పెట్టి తీసేదెవరు మామయ్యా, అంతా ఆన్‌లైనే కదా అంటావు. కొంత నిజమే, 2025లో హైదరాబాద్ పోలీసులు చెప్పింది కూడా నేను చూశా, కొందరు సినిమాని హాళ్ళకి పంపే డిజిటల్ కంపెనీల సర్వర్లలోకే దూరి ఎత్తేశారంట. ఆ ఏడాదే నవంబర్లో ఐబొమ్మ అనే దొంగ సైటు నడిపే అతన్ని పట్టుకున్నారు. అట్టాంటి సైట్లలో ఊరికే సినిమా చూపిచ్చి పక్కన బెట్టింగ్ యాప్‌ల యాడ్లు పెట్టేది, మన ఊరి పిల్లలు సినిమా కోసం పోయి ఆడ ఇరుక్కునేది. అదంతా పెద్దోళ్ళ యుద్ధం, మనం ఆపలేం. కానీ రిలీజ్ రోజు సాయంత్రానికి బయటకొచ్చే ప్రింట్, తలకాయలు అడ్డం పడతా ఈలలు వినపడతా ఉండేది, అది ఏదో ఒక హాల్లోంచే వస్తాది. అది నీ హాలు కాకూడదు.

మీకిప్పుడు రీళ్ళు లేవు, బొమ్మ హార్డ్ డిస్కులోనో శాటిలైట్లోనో వస్తాది, తాళం చెవి లాగా దానికి ఒక కోడ్ వస్తాది. ఆ బొమ్మలోనే కంటికి ఆనని గుర్తు ఒకటి ఉంటాది, ఏ హాలు, ఏ తేదీ, ఏ షో అని. దొంగ ప్రింట్ దొరికిందంటే ల్యాబ్‌లో పెట్టి చూసి నేరుగా నీ గేటు దగ్గరికే వస్తారు, నాకు తెలీదు అంటే వినరు. చట్టం కూడా గట్టిపడింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని మార్చారు, హాల్లో రికార్డ్ చేస్తే తక్కువలో తక్కువ 3 నెలలు, ఎక్కువంటే 3 ఏళ్ళు జైలు, ఫైన్ 3 లక్షల నుంచి మొదలై ఆ సినిమా ఖర్చులో 5 శాతం దాకా పోతాది. తీసినోడికే కాదు, తియ్యడానికి సాయపడినోడికి కూడా. ఈ మాట రెండు సార్లు చదువు.

సైట్ల మీద కూడా కోర్టులు ఊరికే లేవు. ఒక సైటు మూస్తే ఇంకో పేరుతో పది లేచేవి, 2019లో ఢిల్లీ హైకోర్టు ప్రతిసారీ కొత్త కేసు వెయ్యక్కర్లేదు, అదే ఆర్డర్లో కొత్త అడ్రసులు కలుపుకోండి అనింది. 2023 నవంబర్లో కేంద్రం 12 మంది నోడల్ ఆఫీసర్లను పెట్టింది, కంప్లైంట్ ఇస్తే 48 గంటల్లో లింకు తీసెయ్యాలని. ఆ దొంగ ఎవడో పేరు తెలీనప్పుడు మన కోర్టుల్లో అశోక్ కుమార్ అని పేరు పెట్టి కేసేస్తారంట. అది చదివినప్పుడు కాసేపు అట్టాగే కూచుండిపోయా. ఎందుకో చెప్తా, ఇంతవరకూ ఎవరికీ చెప్పలా.

1988. కావలి పక్కన ఒక హాల్లో ఆపరేటర్ని, ఆ హాలు పేరు రాయను. నెలకి 450 జీతం, మూడు నెలలుగా ఇవ్వలా. మీ అమ్మ పెళ్ళి ఇంకో నెలలో. పెళ్ళిళ్ళకు వీడియో తీసే అతను ఒకడు నాకు బాగా తెలుసు, రోజూ టీ కొట్టు దగ్గర కలిసేవాడు. ఒక రోజు రాత్రి సెకండ్ షోకి కెమెరా సంచిలో పెట్టుకుని కేబిన్లోకి వచ్చాడు, మేం బొమ్మ చూసుకునే కిటికీ ఉంటాది కదా, ఆడ స్టాండ్ వేసుకున్నాడు. 700 ఇచ్చాడు. నేను తీసుకున్నా. ఎవరికి నష్టంలే, హీరో ఏమన్నా పస్తుంటాడా అనుకున్నా, ఇప్పటి పిల్లలు అనే మాటే నేనూ అనుకున్నా.

అప్పట్లో ఇప్పటి లాగా ఒకే రోజు అన్ని ఊళ్ళలో రిలీజ్ కాదు. ప్రింట్లు తక్కువ, పెద్ద ఊళ్ళలో ఆడి ఆడి, గీతలు పడినాక నెలకో రెండు నెలలకో వింజమూరు, కలిగిరి, ఉదయగిరి వైపు పోయేది రీళ్ళ బాక్సు. అతను తీసిన క్యాసెట్ ముందే పోయింది. పందిట్లో టీవీ పెట్టి మనిషికి రూపాయి తీసుకుని వేశారు. బొమ్మ మినుకు మినుకుమంటా ఉన్నా జనం చూశారు. ఆనక బాక్సు పోతే రెండో రోజుకి హాలు ఖాళీ.

మన నెల్లూరు ఏరియాకి ఆ సినిమా కొన్నాయన పెద్ద షావుకారేం కాదు, కోవూరు దగ్గర రెండెకరాల మాగాణి తాకట్టు పెట్టి కొన్నాడు. ఎవురు వేస్తా ఉండారో చూద్దామని ఆయనే పోయి వింజమూరులో ఆ పందిట్లో కూచున్నాడంట. ఆ క్యాసెట్లో ఇంటర్వెల్ ముందు ఫైట్ మధ్యలో ఒక గొంతు వినపడతాది, "రేయ్, కార్బన్ చూడరా, లైట్ తగ్గతా ఉంది" అని. అది నా గొంతు. అప్పట్లో ప్రొజెక్టర్లో వెలుగు కార్బన్ కడ్డీలతోనే వచ్చేది, అవి చూడమని హెల్పర్ని అరిచా, కెమెరా నడస్తా ఉందని మర్చిపోయి.

కలెక్షన్ చూసుకోడానికి మా హాలుకి వచ్చినప్పుడల్లా కేబిన్లోకి వచ్చి నాతో మాట్లాడి పోయేవాడు ఆయన. నా గొంతు తెలీకుండా ఉంటాదా. మర్నాడు మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చాడు. నేను రీల్ చుడతా ఉండా. "కార్బన్ బాగుందా అబ్బయ్యా" అన్నాడు. నాకు అర్థమై చేతులు ఆడలా. కొడతాడనుకున్నా, పోలీసుల్ని పిలుస్తాడనుకున్నా. జీతం ఇస్తా ఉండారా అని అడిగాడు. మూడు నెల్లుగా లేదండీ అన్నా. నాకు చెప్పుండకూడదా అన్నాడు, దిగి వెళ్ళిపోయాడు. ఆ పొలం మళ్ళీ ఆయన చేతికి రాలా. ఆయన చనిపోయి చానా ఏళ్ళయింది, ఒక్కసారి కూడా ఆయన ఇంటికి పోయి కాళ్ళు పట్టుకోలా నేను. భయం. జీతం రాలేదని దొంగతనం చెయ్యకూడదురా, తప్పు నాదే.

అందుకే చెప్తా ఉండా, ఒకటో తారీఖు నీ ఆపరేటర్‌కి జీతం పడాల్సిందే. కలెక్షన్ లేకపోతే నీ బండి పెట్రోల్ ఆపుకుని ఇవ్వు. గేటు దగ్గర పిల్లోడికీ, ఊడ్చే ఆమెకీ అంతే. కేబిన్ తాళం రెండోది నీ దగ్గరే ఉండాలి, స్నేహితుడైనా సరే షో నడిచేటప్పుడు లోపలికి పోకూడదు, నువ్వు తీసుకుపోయినా సరే. సీసీ కెమెరాలు బయట గేటుకే కాదు, లోపల జనం వైపు కూడా పెట్టు. మొదటి రోజు ఫ్యాన్స్ స్టేటస్‌ల కోసం హీరో ఎంట్రీ తీస్తారు, వాళ్ళ మీద చెయ్యి చేసుకోవద్దు, ఇంటర్వెల్లో మైకులో చెప్పు, వినకపోతే పక్కకి పిలిచి డిలీట్ చేయించు. సీట్లో కదలకుండా గంటలకొద్దీ ఫోన్ ఒకే ఎత్తులో పట్టుకున్నోడు కనపడితే మాత్రం నువ్వు గొడవ పడొద్దు, వెంటనే పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. నీకు కోపం ఎక్కువ, మీ నాన్న పోలిక, అదే నా భయం.

ఆ 700తో ఇత్తడి బిందె కొన్నా మీ అమ్మ పెళ్ళికి. ఇప్పటికీ మీ వంటింట్లో ఉండాది. ఈ సంగతి అమ్మకి చెప్పొద్దు, నేనే వచ్చి చెప్తా.

ఓపెనింగ్ రోజు పొద్దున్నే కావలి నుంచి బయల్దేరతా. నాకు బాల్కనీ టికెట్ వద్దు, కేబిన్లో స్టూల్ ఒకటి వేయించు. నీ ఆపరేటర్ పిల్లోడిది ఏ ఊరో, పెళ్ళయిందో లేదో కనుక్కుని ఉండు, వాడికి కూడా మీ అత్తయ్య నెల్లూరు చేపల పులుసు కట్టిస్తా అంటా ఉంది.

మీ మామయ్య