ఐదు డచ్ డుకాట్లు హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: నాలుగేళ్లుగా నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బటావియన్ రిపబ్లిక్ (అప్పటి డచ్ ప్రభుత్వం) కాలం (1795-1806) నాటి డుకాట్లు అనే బంగారు నాణేలు ఐదు ఇక్కడే వేలంలో కొన్నాను. వచ్చే నెల హైదరాబాద్ వచ్చేస్తున్నాను. ఐదూ కలిపి పదిహేడున్నర గ్రాములే, 20 గ్రాములు దాటలేదు కాబట్టి కస్టమ్స్ టెన్షన్ ఉండదు కదా? మంచి రేటు వచ్చినప్పుడు మళ్లీ ఇక్కడికే తెచ్చి అమ్ముదామని ఉంది.

జవాబు: ఉంటుందండీ. ఆ 20 గ్రాముల మినహాయింపు నగలకే, నాణేలకు వర్తించదు. దిగగానే కస్టమ్స్‌కి చెప్పాల్సినవి ఉన్నవాళ్లు వెళ్లే రెడ్ ఛానెల్‌కి వెళ్లి డిక్లేర్ చేసి డ్యూటీ కట్టండి. చెప్పకుండా బయటికి వస్తూ దొరికితే నాణేలు జప్తు చేస్తారు, పైగా జరిమానా.

అయితే నాకు డ్యూటీ కంటే మీ చివరి వాక్యం గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన ఏ నాణెమైనా పురావస్తువే, అది మన గోల్కొండదా డచ్ నగరం ఉట్రెక్ట్‌దా అని చట్టం చూడదు. అలాంటి వస్తువును మామూలు మనిషి దేశం దాటించడం మూడో సెక్షన్ ప్రకారం నేరం, కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు. అంటే డ్యూటీ కట్టి దర్జాగా తెచ్చుకున్న మీ సొంత నాణేన్నే రేపు అమ్ముకోవడానికి ఆమ్‌స్టర్‌డామ్ తీసుకెళ్లలేరు. అమ్మే ఆలోచన నిజంగా ఉంటే వాటిని అక్కడే బ్యాంకు లాకర్లో పెట్టి రండి, నా మాట వినండి.

దాచుకోవడానికే అయితే తెచ్చుకోండి, కానీ వేలం బిల్లు పోగొట్టుకోవద్దు. 1795 జనవరిలో డచ్ పాలకుడు ఐదో విలియం ఇంగ్లండ్ పారిపోయి ప్రభుత్వమే మారిపోయినా డుకాట్ మీద బొమ్మ మారలేదు: అదే కవచం తొడిగిన యోధుడు, ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో బాణాల కట్ట. ఏ కాలానిదో తెలిసేది ఆ పక్కన ఉన్న సంవత్సరం అంకెలతోనే. అదీగాక రష్యావాళ్లు పీటర్స్‌బర్గ్ టంకశాలలో ఇవే డుకాట్లను గుట్టుగా కొట్టించారు. కాబట్టి ఒక్కో నాణెం సంవత్సరం, బరువు, కొన్న ధర బిల్లులో విడివిడిగా ఉండాలి, లేకపోతే బయల్దేరేలోపే అడిగి రాయించుకోండి.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. యూరప్ నిబంధనల్లో కనీసం 90 శాతం బంగారం ఉన్న నాణెం నగదు కిందే లెక్క, డుకాట్‌లో 98 శాతం ఉంటుంది. చేతిలో ఉన్న యూరోలతో కలిపి 10,000 యూరోలు అయినా, దాటినా అక్కడి ఎయిర్‌పోర్టులో కూడా డిక్లేర్ చేయాల్సిందే.